టెర్మినల్‌లో అంకెలు చదవడం ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్‌తో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నా డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసుకుని, నడుస్తున్న ప్రోగ్రామ్‌లను (ప్రాసెస్‌లను) టెర్మినల్‌లో చూపించే టాప్, హెచ్‌టాప్ వాడటం అలవాటు చేసుకున్నాను. గ్రాఫులతో చక్కగా చూపించే సిస్టమ్ మానిటర్ ఉండగా ఈ నల్ల తెరతో పనేమిటని స్నేహితులు అంటున్నారు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ కావాలన్నది నా కోరిక. ఈ అలవాటు ఉపయోగపడుతుందా? రెజ్యూమెలో రాయవచ్చా?

జవాబు: తప్పకుండా ఉపయోగపడుతుంది, వదలకండి. మీరు కోరుకుంటున్న ఉద్యోగంలో చూసుకోవలసిన సర్వర్లలో చాలావాటికి అసలు గ్రాఫికల్ తెరే ఉండదు. దూరంలోని యంత్రంలోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అయితే మీ ఎదుట ఉండేది టెర్మినల్ ఒక్కటే. హెచ్‌టాప్ అన్నిచోట్లా ఉండకపోవచ్చు, కొత్తది ఇన్‌స్టాల్ చేసే అనుమతి మీకు దొరకకపోవచ్చు. అందుకే రంగుల హెచ్‌టాప్ ఎంత నచ్చినా, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉండే టాప్, పీఎస్ (ప్రాసెస్‌ల జాబితా), ఫ్రీ (మెమరీ లెక్క), వీఎంస్టాట్ (మెమరీ, డిస్క్, ప్రాసెసర్ లెక్కలు) ఆదేశాలను చేతికి అలవాటు చేసుకోండి.

ఇక అసలు విషయం. ఇంటర్వ్యూలో మీటల పేర్లు అడగరు, ‘సర్వర్ నెమ్మదించింది, ముందు ఏం చూస్తారు?’ అని అడుగుతారు. ఉదాహరణకు నాలుగు కోర్ల యంత్రంలో లోడ్ యావరేజ్ (నడుస్తున్న, ఎదురుచూస్తున్న ప్రాసెస్‌ల సగటు సంఖ్య) 8 అని కనిపించింది అనుకుందాం. ప్రాసెసర్ మీద భారం ఎక్కువైందని చాలామంది వెంటనే తేల్చేస్తారు. కానీ ఆ కింది వరుసల్లోనే ప్రాసెసర్ చాలావరకు ఖాళీగా ఉందని, ‘డబ్ల్యూఏ’ (డిస్క్ వంటి వాటి కోసం ఎదురుచూపు) శాతం మాత్రం ఎక్కువగా ఉందని టాప్ చూపిస్తుంటే? లినక్స్ లోడ్ లెక్కలో ప్రాసెసర్ కోసం వరుసలో ఉన్న ప్రాసెస్‌లతో పాటు డిస్క్ కోసం ఆగిపోయినవీ కలుస్తాయి. ప్రాసెస్‌ల స్థితి చూపే గడిలో ‘డీ’ అక్షరం ఉన్నవి సాధారణంగా అలాంటివే. అంటే ఇక్కడ అనుమానించవలసింది డిస్క్‌ను. నెమ్మదిగా పనిచేసే పెన్‌డ్రైవ్‌లోకి పెద్ద ఫైలు కాపీ చేస్తూ టాప్ తెరిచి చూడండి, ఇది మీ డెస్క్‌టాప్‌లోనే కళ్లకు కట్టవచ్చు. లోడ్ యావరేజ్‌లోని మూడు అంకెలు గత 1, 5, 15 నిమిషాలవి. మొదటిది పెద్దగా, చివరిది చిన్నగా ఉంటే భారం ఇప్పుడే పెరుగుతోందన్నమాట.

మెమరీ దగ్గరా ఇలాంటి పొరపాటే జరుగుతుంది. ‘ఫ్రీ’ గడిలో అంకె చిన్నగా ఉందని కంగారు పడనవసరం లేదు. ఖాళీ మెమరీని లినక్స్ డిస్క్ కాష్‌గా, అంటే డిస్క్ నుంచి చదివినవాటిని దాచుకునే చోటుగా వాడుకుంటుంది. మీరు చూడవలసింది ప్రోగ్రామ్‌లకు నిజంగా దొరికే మెమరీని చెప్పే ‘అవైలబుల్’ గడి.

సాధనకు నేను చెప్పేది ఒక్కటే. కంప్యూటర్ నెమ్మదించినప్పుడు ఏదీ మూసేయకుండా ముందు టాప్ తెరవండి. కారణం ఏమై ఉంటుందో ఒక నోటుబుక్కులో రాయండి. ఆ తర్వాతే వీఎంస్టాట్‌తో, డిస్క్ పనిని చూపే ఐఓస్టాట్‌తో సరిచూడండి. మొండికేసిన ప్రాసెస్‌ను ఆపవలసి వస్తే దాన్ని ఉన్నపళంగా చంపేసే 9వ సిగ్నల్ నేరుగా పంపకండి. ముందు 15 పంపి, పని సర్దుకుని ముగించే అవకాశం ఇవ్వండి. వినియోగదారులు నిజంగా వాడుతున్న డేటాబేస్ విషయంలో ఈ ఓపిక చాలా ముఖ్యం.

రెజ్యూమెలో ‘హెచ్‌టాప్ తెలుసు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. మీ నోటుబుక్కులోంచి ఒక సమస్యను తీసుకుని లక్షణం, కారణం, పరిష్కారం రెండు వాక్యాల్లో రాయండి. దాని గురించి అడిగితే పది నిమిషాలు మాట్లాడగలగాలి. సర్టిఫికెట్ కావాలనుకుంటే రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ చూడండి. అందులో పరీక్షంతా యంత్రం మీద చేసి చూపించడమే. ప్రాసెసర్‌నూ మెమరీనీ ఎక్కువగా వాడుతున్న ప్రాసెస్‌లను గుర్తించి ఆపడం దాని సిలబస్‌లోనే ఉంది.

ఇవి చేతికి వచ్చాక ప్రొమీథియస్, గ్రఫానా వైపు వెళ్లండి. వందల సర్వర్లను ఒకేచోట నుంచి గమనించే ఆ పద్ధతిలోనూ లినక్స్ యంత్రాల అంకెలు ఎక్కువగా టాప్ చదివే ‘ప్రాక్’ డైరెక్టరీ నుంచే వస్తాయి కాబట్టి, మీకు అక్కడ పెద్దగా కొత్త అనిపించదు.