పన్ను పీకించుకోవాల్సి వస్తే: కొత్తగా వచ్చినవాళ్లకు కొన్ని మాటలు

విదేశాలకు కొత్తగా వచ్చిన మన పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "దవడ పన్ను విపరీతంగా సలుపుతోంది. సెలవులకు ఇంటికెళ్తాను కదా, అప్పటిదాకా మాత్రలతో నెట్టుకురావచ్చా?" పంటి బిగువున భరిద్దామంటే నొప్పి ఆ పంటిలోనే కదా! నా జవాబు ఎప్పుడూ ఒకటే: వద్దు. వారం పది రోజుల్లో ప్రయాణం ఉన్నా సరే, ముందు ఇక్కడ ఒక డెంటిస్టుకు చూపించి, ఆగొచ్చో లేదో ఆయన్నే చెప్పనివ్వండి.

ఎందుకంటే పంటి నొప్పి మోసం చేస్తుంది. పిప్పి లోపలి నరం దాకా వెళ్లినప్పుడు నొప్పి భరించలేనంతగా ఉంటుంది. చల్లనిది తగిలితే జివ్వుమంటుంది, పడుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. కొన్నాళ్లకు ఉన్నట్టుండి తగ్గిపోతుంది. తగ్గింది కదా అని మనం సంబరపడతాం. నిజానికి అప్పుడు జరిగేది నరం చచ్చిపోవడం. లోపలి సూక్ష్మజీవులు మాత్రం ఎక్కడికీ పోవు, వేరు చివరి నుంచి దవడ ఎముకలోకి దిగుతాయి. తర్వాత ఒకరోజు బుగ్గ వాపుతో నిద్ర లేస్తారు. నరం బతికుండగా వెళ్తే రూట్ కెనాల్‌తో, అంటే లోపలి నరం తీసేసి పన్నును నిలబెట్టే చికిత్సతో నిలిచే పన్ను, అంత ఆలస్యమయ్యాక కొన్నిసార్లు పీకించుకోవాల్సి వస్తుంది.

డెంటిస్టు కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాపు కంటి వైపు పాకడం, దవడ కింద గొంతు భాగం గట్టిపడి ఉబ్బడం, మింగడం కష్టమై లాలాజలం కారిపోవడం, నోరు వేలెడు కూడా తెరవలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం, వాపుతో పాటు చలి జ్వరం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా సరే బయల్దేరండి. వీటిలో దవడ కింద, నాలుక కింద పాకే ఇన్ఫెక్షన్ వాపును లడ్విగ్స్ ఆంజైనా అంటారు. 1836లో ఒక జర్మన్ వైద్యుడు వర్ణించిన జబ్బు, ఇప్పటికీ ప్రాణాంతకమే, గంటల్లో శ్వాసమార్గాన్ని మూసేయగలదు. ఇవేవీ లేకుండా ఉత్త నొప్పి మాత్రమే అయితే ఎమర్జెన్సీకి వెళ్లి పెద్ద లాభం ఉండదు. అక్కడ సాధారణంగా పళ్లు పీకరు. నొప్పి మాత్రలు, ఒక్కోసారి యాంటీబయాటిక్ రాసిచ్చి "డెంటిస్టు దగ్గరికి వెళ్లండి" అని పంపించేస్తారు. బిల్లు మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

మాత్రల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. సూట్‌కేసులో యాంటీబయాటిక్ స్ట్రిప్పులు తెచ్చుకుని, పన్ను నొప్పి రాగానే ఒకటి వేసుకునేవాళ్లు మనలో చాలామంది. నరం వాచిన నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు. డెంటిస్టుకు చూపించుకునే వీలున్న ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు పంటి నొప్పికీ వాపుకూ యాంటీబయాటిక్స్ చాలా సందర్భాల్లో అవసరం లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. కావలసింది చీముకు దారివ్వడం, లేదా పన్ను తీయడం. జ్వరం ఉన్నా, వాపు పాకుతున్నా అప్పుడు యాంటీబయాటిక్‌కు పని ఉంటుంది, అదీ డాక్టరు రాసిచ్చినదే, చెప్పినన్ని రోజులే.

నొప్పికి బాగా పనిచేసేది ఐబుప్రొఫెన్, దానితో పాటు పారాసెటమాల్. పెద్దవాళ్లకు ఒక మోతాదంటే 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్, కావాలంటే దానికి తోడు 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్. ఈ జంట చాలామందికి మత్తు కలిగించే బలమైన నొప్పి మాత్రలతో సమానంగా పనిచేస్తుంది. అమెరికాలో పారాసెటమాల్ అని అడిగితే ఫార్మసీలో కుర్రాడు తెల్లమొహం వేయొచ్చు. అక్కడ అది అసిటమినోఫెన్, పెట్టె మీద టైలినాల్ అని ఉంటుంది. జలుబు మందుల్లో కూడా ఇదే కలిపి ఉంటుంది కాబట్టి తెలియకుండా రెండింతలు పడకుండా చూసుకోండి. అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడదు, కాలేయం దెబ్బతింటుంది. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఐబుప్రొఫెన్ ముట్టుకోవద్దు. మనకు అలవాటైన నిమెసులైడ్‌కు అమెరికా, బ్రిటన్, కెనడాల్లో అనుమతే లేదు, ఆ దేశాల్లో దొరకదు. ఇంకొకటి: ఆస్పిరిన్ మాత్రను నొప్పి ఉన్నచోట చిగురుకు ఆనించి పెట్టుకునే పాత చిట్కా ఉంది, అది చిగురును కాలుస్తుంది. అంతే తప్ప నొప్పి తగ్గదు.

ఇక డెంటిస్టు దొరకడం. ఇది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ఆరోగ్య బీమా వేరు, పంటి బీమా వేరు. ఆఫీసువాళ్లు ఇచ్చిన కార్డు రెండింటికీ పనికొస్తుందనుకోకండి. కొన్ని ప్లాన్లలో చేరిన కొన్నాళ్ల వరకు పెద్ద చికిత్సలకు చెల్లించరు. ఫోన్ చేసి "ఎమర్జెన్సీ ఎక్స్‌ట్రాక్షన్‌కు (అత్యవసరంగా పన్ను పీకడానికి) వెయిటింగ్ పీరియడ్ ఉందా" అని సూటిగా అడగండి. మామూలుగా పీకడానికి బిల్లులో వేసే కోడ్ డి7140, ఎముక తొలిచి లేదా పన్ను ముక్కలు చేసి తీయాల్సొస్తే డి7210. రెండో దానికి ఎక్కువ అవుతుంది, ఏది వేస్తారో కుర్చీ ఎక్కకముందే అడిగితే తర్వాత గొడవ ఉండదు. బీమా లేని విద్యార్థులు డెంటల్ కాలేజీల క్లినిక్‌లు చూడండి. పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు, టైం ఎక్కువ పడుతుంది, ఖర్చు బాగా తక్కువ. ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో కూడా చాలాచోట్ల పళ్ల విభాగం ఉంటుంది. ఇంగ్లండ్‌లో అయితే రెగ్యులర్ డెంటిస్టు లేకపోయినా 111కు ఫోన్ చేయండి, అత్యవసర అపాయింట్‌మెంట్‌కు దారి చూపిస్తారు. కెనడాలో ప్రభుత్వ ఆరోగ్య కార్డు, ఆస్ట్రేలియాలో ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ పెద్దవాళ్ల పళ్ల ఖర్చును చాలావరకు భరించవు. జర్మనీలో ప్రభుత్వ బీమా ఉన్నవాళ్లకు పన్ను పీకడం అందులోనే వస్తుంది. క్లినిక్‌కు ఫోన్ చేసినప్పుడు "పన్ను నొప్పి" అని ఊరుకోవద్దు. "రాత్రంతా నిద్ర లేదు, బుగ్గ వాచింది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ రెండో మాట వింటేనే రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు ఈరోజు ఖాళీ వెతుకుతారు.

వెళ్లాక పీకడమా, రూట్ కెనాలా అని అడుగుతారు. జ్ఞానదంతమైతే పెద్దగా ఆలోచించక్కర్లేదు, పీకించేసుకోవచ్చు. నమలడానికి పనికొచ్చే దవడ పన్ను అయితే మాత్రం "ఇది నిలబెట్టగలిగిన పన్నేనా?" అని ఒక్కసారి అడగండి. వేరు నిలువునా చీలినా, చిగురు కింద దాకా పుచ్చినా నిలవదు. అలా కాకపోతే, ఈరోజు లోపలి నరం తీసేసి నొప్పి ఆపి, మిగతా చికిత్స తర్వాత చేయించుకోవడం కూడా ఒక దారే. పీకడం ఆ రోజుకు చవక, కానీ ఆ ఖాళీని పూరించడం ఎప్పుడూ చవక కాదు.

ఫారం నింపేటప్పుడు ఏదీ దాచొద్దు. షుగరు, బీపీ, పెన్సిలిన్ పడకపోవడం, గర్భం, రక్తం పలచబడే మందులు, ఎముకల బలహీనతకు వాడే అలెండ్రోనేట్ లాంటి మాత్రలు, అన్నీ రాయండి. ఆ ఎముకల మందులు వాడేవాళ్లకు పీకినచోట ఎముక మానకపోయే ప్రమాదం అరుదుగానైనా ఉంటుంది, అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు ఇది మరీ గుర్తుంచుకోవాలి. రక్తం పలచబడే మందును మీకు మీరే ఆపేయొద్దు. పీకిన పంటి రక్తం అదిమి ఆపొచ్చు, గుండెలోనో మెదడులోనో గడ్డకడితే ప్రాణానికే ముప్పు. మత్తు సూదిలో చాలాసార్లు అడ్రినలిన్ కలుపుతారు కాబట్టి ఒకటి రెండు నిమిషాలు గుండె దడదడలాడొచ్చు, భయపడక్కర్లేదు. చీము ఉన్నచోట మత్తు సరిగ్గా ఎక్కదు, అక్కడి కణజాలం ఆమ్లంగా మారడం అందుకు ఒక కారణం. ఒత్తిడి, కదిలించడం, కటకటమనే చప్పుడు మామూలే. సూదిలా పొడిచే నొప్పి మామూలు కాదు. చెయ్యెత్తితే ఆపాలని ముందే చెప్పి ఉంచి, అలాంటి నొప్పి తెలిస్తే చెయ్యి పైకెత్తండి, ఆపి ఇంకో సూది ఇస్తారు. మర్యాద కోసం ఓర్చుకునేవాళ్లు మనలో ఎక్కువ. ఇక్కడ ఆ మర్యాద అక్కర్లేదు. నిద్రమత్తు ఇస్తామంటే మాత్రం కారు నడిపి ఇంటికి చేర్చే మనిషి తోడుండాలి, లేకపోతే మొదలే పెట్టరు.

ఇక కోలుకోవడం. పీకిన గుంతలో ఒక రక్తపు గడ్డ ఏర్పడుతుంది. మీకు చెప్పే జాగ్రత్తలన్నీ ఆ గడ్డ కదలకుండా ఉండటానికే. అది కింది ఎముకనూ నరాల కొసలనూ కప్పి, కొత్త కణజాలం పెరగడానికి ఆధారమవుతుంది. నోట్లో పెట్టిన గాజ్‌ను (పలుచని గుడ్డ మడతను) అరగంట నుంచి ముప్పావు గంట గట్టిగా కొరికి పట్టుకోండి. మధ్యలో తీసి ఆగిందా లేదా అని చూడటంతోనే చాలామందికి మళ్లీ రక్తం మొదలవుతుంది. మొదటి రోజు ఉమ్మి ఎర్రగా కనిపిస్తుంది. చెంచాడు రక్తం నోటినిండా లాలాజలంలో కలిస్తే చూడ్డానికి భయంకరంగానే ఉంటుంది, కంగారు పడొద్దు. ఆగకపోతే తడి గాజ్ మడిచి మళ్లీ అరగంట కొరకండి. గాజ్ అయిపోతే వేడినీళ్లలో ముంచి చల్లార్చి పిండిన టీ బ్యాగ్ సరిగ్గా సరిపోతుంది, అందులోని టానిన్లు రక్తనాళాలను బిగిస్తాయి. అప్పటికీ నోరు నిండిపోతుంటే క్లినిక్‌కు ఫోన్ చేయండి, వాళ్లు ఎత్తకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

24 గంటల పాటు పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు. నోట్లో పీల్చే ఒత్తిడి పుడితే గడ్డ ఊడి వస్తుంది. సిగరెట్ కనీసం మూడు రోజులు మానాలి. పీల్చడంతో పాటు పొగ కూడా చేటే. జిమ్, బరువులెత్తడం కూడా రెండు మూడు రోజులు ఆపండి. మత్తు దిగేదాకా, అంటే రెండు నుంచి నాలుగు గంటలు, వేడివి తాగొద్దు, నమలొద్దు. తెలియకుండా పెదవి కొరుక్కుని పుండు చేసుకున్నవాళ్లను చూశాను. మొదటి నొప్పి మాత్ర మాత్రం మత్తు దిగకముందే వేసుకోండి, నొప్పి ముదిరాక దాన్ని వెనక్కి లాగడం కష్టం. మొదటి రోజు బుగ్గ మీద బట్టలో చుట్టిన ఐస్ ఇరవై నిమిషాలు పెట్టి, ఇరవై నిమిషాలు తీయండి. రాత్రి తల కింద ఇంకో దిండు వేసుకోండి. మిగతా పళ్లు ఆ రాత్రే మెల్లిగా తోముకోవచ్చు, నీటిని ఉమ్మకుండా నోరు తెరిచి జారవిడవండి. మర్నాటి నుంచి ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, తిన్నాక ప్రతిసారీ నోట్లో మెల్లిగా అటూ ఇటూ తిప్పి వదిలేయండి.

రెండో మూడో రోజుకు వాపు ఎక్కువవుతుంది. "నిన్నటికంటే ఈరోజు పెద్దదైంది" అని భయపడొద్దు, అదే దాని గరిష్ఠం. తర్వాత దిగాలి. మూడో రోజు దాటాక కొత్తగా వాపు పెరిగినా, జ్వరం వచ్చినా అది ఇన్ఫెక్షన్ సంకేతం, ఫోన్ చేయండి. గుంతలో తెల్లగా, పసుపుగా పొర కనిపిస్తే చీము అనుకుని గోకేవాళ్లున్నారు. అది మానుతున్న పుండు పొర, ముట్టుకోవద్దు. అద్దంలో టార్చ్ వేసి గంటకోసారి చూసుకోవడం కూడా మానండి.

డ్రై సాకెట్ అంటే గడ్డ ఊడిపోయి లోపలి ఎముక బయటపడటం. సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మొదలవుతుంది. గుర్తుపట్టడం సులభం: తగ్గుతూ వచ్చిన నొప్పి ఒక్కసారిగా పెరిగి చెవి దాకా లాగుతుంది, నోట్లో చెడ్డ రుచి, గుంత ఖాళీగా కనిపిస్తుంది, మాత్రలు వేసినా లొంగదు. కింది దవడ జ్ఞానదంతాలకూ, పొగతాగేవాళ్లకూ, గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లకూ ఎక్కువ వస్తుంది. భరిస్తూ కూర్చోవద్దు. డెంటిస్టు గుంత కడిగి మందు పెట్టిన గుడ్డముక్క ఉంచితే గంటల్లో చాలా తగ్గుతుంది. ఆ మందులో ఉండేది చాలాసార్లు లవంగ నూనెలోని యూజినాలే. అలాగని ఇంట్లో నూనె తెచ్చి పచ్చిపుండులో పోసుకోవద్దు, నేరుగా తగిలితే కణజాలం కాలుతుంది.

పై దవడ పన్ను తీస్తే ఒక అదనపు జాగ్రత్త. ఆ వేర్లు ముక్కు పక్కనున్న సైనస్ గదికి ఆనుకుని ఉంటాయి. సైనస్ దగ్గరపడిందని డెంటిస్టు చెబితే రెండు వారాల పాటు ముక్కు గట్టిగా చీదకండి, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మండి, విమానం ఎక్కే ముందు ఆయన్ని అడగండి. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తే వెంటనే చెప్పాలి. కింది జ్ఞానదంతం తీశాక మర్నాటికి కూడా పెదవి తిమ్మిరిగానే ఉంటే అదీ చెప్పాల్సిందే.

ఆఫీసుకు ఎన్ని రోజులు సెలవు పెట్టాలని అడుగుతారు. మామూలు పన్నుకు ఒకరోజు చాలు. ఎముక తొలిచి తీస్తే రెండు మూడు రోజులు. గదిలో ఒంటరిగా ఉండేవాళ్లు ఆ మొదటి రాత్రి ఫోన్ చేస్తే వచ్చే మనిషిని ఒకరిని మాట్లాడి పెట్టుకోండి. నమలక్కర్లేని మెత్తని తిండి ముందే తెచ్చి పెట్టుకోండి, నోట్లో గాజ్‌తో షాపింగ్ చేయడం అంత బాగుండదు.

చిగురు మూసుకోవడానికి మూడు నాలుగు వారాలు, లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది. కొన్ని వారాల తర్వాత సూదిమొనలాంటి ఎముక ముక్క చిగురులోంచి పైకి రావొచ్చు. అది వేరు మిగిలిపోవడం కాదు, చాలాసార్లు దానంతటదే రాలిపోతుంది, గుచ్చుకుంటే డెంటిస్టు తీసేస్తారు. జ్ఞానదంతం కాకపోతే ఆ ఖాళీని అలాగే వదిలేస్తే పక్క పళ్లు దానిలోకి వంగుతాయి, ఎదుటి పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది, ఎముక సన్నబడుతుంది. ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, ఆలోచన ఉంటే మూడు నుంచి ఆరు నెలల మధ్య మాట్లాడుకోవడం మంచిది. అది ఇక్కడే చేయించుకుంటారా, ఇంటికి వెళ్లినప్పుడా అన్నది అప్పుడు తీరిగ్గా చూసుకోవచ్చు. పీకిన రోజునే ఎక్స్‌రే కాపీ, చేసిన చికిత్స రాసిన కాగితం ఈమెయిల్ చేయించుకుంటే ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.