పిత్తాశయం ఆపరేషన్‌కు బీమా గడువు దాకా ఆగవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నా భర్తకు 46 ఏళ్లు, మిర్చి యార్డులో కమీషన్ దుకాణంలో గుమస్తాగా పనిచేస్తారు. రెండు నెలల్లో మూడుసార్లు తీవ్రమైన కడుపునొప్పి వచ్చింది. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు కనబడ్డాయి. ల్యాప్రోస్కోపీ పద్ధతిలో త్వరగా ఆపరేషన్ చేయించమన్నారు. ఆసుపత్రి అంచనా రూ.90,000. ఆరోగ్య బీమా తీసుకుని 15 నెలలైంది, 24 నెలలు నిండితేనే డబ్బు వస్తుందని, అప్పటిదాకా ఆగమని ఏజెంటు అంటున్నారు. పాప ఇంజినీరింగ్ ఫీజు కోసం వేసిన రూ.2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ 8 నెలల్లో చేతికొస్తుంది. ఒక చీటీ నడుస్తోంది, కొద్దిగా నగలున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ఆగవద్దమ్మా. ఏజెంటు చెప్పిన నిబంధన నిజమే. పిత్తాశయంలో రాళ్లు, హెర్నియా, మొలలు వంటి వాటికి చాలా పాలసీలలో రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. అయితే ఆ గడువు బీమా సంస్థకు, పాలసీదారుకు మధ్య ఉన్న ఒప్పందమే గాని, లోపలున్న రాయికి దానితో పని లేదు. నొప్పి మొదలయ్యాక రాయి జారి పిత్తనాళంలో ఇరుక్కుంటే కామెర్లు రావచ్చు, క్లోమం వాయవచ్చు. అప్పుడు ముందు ఎండోస్కోపీతో నాళంలోని రాయిని తీసి, ఆ తర్వాత పిత్తాశయాన్ని తీయవలసి వస్తుంది. విజయవాడలో నేను ఎరిగిన ఒక కుటుంబం ఇలాగే గడువు కోసం నాలుగు నెలలు ఆగి, చివరికి మొదటి అంచనాకు రెట్టింపు పైగా చెల్లించింది. ఆ బిల్లూ గడువులోపలిదే కాబట్టి బీమా నుంచి రూపాయి రాలేదు.

డబ్బు సర్దుబాటుకు డిపాజిట్‌ను రద్దు చేయకుండా, దాని మీదే బ్యాంకులో అప్పు తీసుకోండి. సాధారణంగా డిపాజిట్ వడ్డీ కంటే ఒక శాతం ఎక్కువ పడుతుంది. మీ డిపాజిట్ వడ్డీ 7 శాతం అనుకుంటే, రూ.90,000 అప్పుకు 8 శాతం చొప్పున 8 నెలలకు రూ.4,800 అవుతుంది, అదే కాలంలో అంత సొమ్ముకు డిపాజిట్ మీద మీకు రూ.4,200 వస్తుంది. అంటే మీకు నికరంగా పడే భారం దాదాపు రూ.600. నగలు తాకట్టు పెడితే, 10 శాతం వడ్డీ అనుకున్నా, రూ.6,000 అవుతుంది, ఇదే లెక్కన నికర భారం రూ.1,800. చీటీ ఇప్పుడు పాడితే పోయే తగ్గింపు ఇంకా ఎక్కువ, కాబట్టి దాన్ని కదపవద్దు. డిపాజిట్ మీద అప్పును వీలున్నప్పుడల్లా కొంత కొంత తీర్చవచ్చు. ఫీజు నాటికి ఎంత తీర్చగలిగితే పాప డబ్బు అంత మిగులుతుంది.

అయినా డబ్బు కట్టేముందు పాలసీ పత్రాన్ని ఒకసారి మీరే చదవండి, కొన్నింటిలో ఈ గడువు ఏడాదే ఉంటుంది. రేషన్ కార్డు ఉంటే, చేరకముందే రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్ ఆసుపత్రిలో, ఆ పథకం సహాయకులైన వైద్య మిత్రను కలిసి అందులో ఈ ఆపరేషన్‌కు అవకాశం ఉందేమో అడగండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో ఖర్చు బాగా తక్కువ. అక్కడ ఎన్నాళ్లలో తేదీ దొరుకుతుందో తెలుసుకుని, అది మీ డాక్టరుకు సమ్మతమైతేనే ఆగండి.

ఇంకొక్క మాట. క్లెయిమ్ కోసం జబ్బు పేరు మార్చి రాయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అది బయటపడితే పాలసీయే రద్దు కావచ్చు, ఈ వయసులో కొత్త పాలసీ తీసుకుంటే గడువులన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తాయి. మొదటి స్కానింగ్ రిపోర్టును తేదీతో సహా భద్రపరచండి, రాళ్లు పాలసీ తీసుకున్నాకే బయటపడ్డాయనడానికి అదే ఆధారం.

ఇక ఆ రూ.90,000లో ఏమేమి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. మత్తు డాక్టరు ఫీజు, మందులు, తీసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపే ఖర్చు అందులోనే ఉన్నాయా? చిన్న రంధ్రాల ద్వారా వీలుకాక కోత పెట్టవలసి వస్తే అదనంగా ఎంత? అలాంటి అవసరం తక్కువ మందికే వస్తుంది గాని, దానికోసం మరో రూ.40,000 వరకు అదే డిపాజిట్ మీద తీసుకునే వీలుంచమని బ్యాంకులో ముందే చెప్పండి. అంతా సవ్యంగా జరిగితే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వస్తారు, కూర్చుని చేసే పద్దుల పనికి వారం, పది రోజుల్లో వెళ్లగలుగుతారు. బస్తాలు ఎత్తే పని మాత్రం డాక్టరు చెప్పేదాకా వద్దని దుకాణం యజమానికి ఇప్పుడే చెప్పించండి.