గడియారం జోలికి వెళ్లొద్దు, శ్రీకర్

మల్కాజిగిరి, హైదరాబాద్

చిరంజీవి శ్రీకర్‌కు,

అత్తయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. క్లయింటు సర్వర్లలో డేలైట్ సేవింగ్ పని, అంటే అమెరికా లాంటి దేశాలు వేసవికి గడియారాలు గంట ముందుకు జరిపి, తర్వాత వెనక్కి తిప్పే ఆ టైమ్ మార్పు పని, ఈసారి నీ నెత్తిన పెట్టారని, గంట జరిగే ఆ ఆదివారం ఆన్‌కాల్ (ఏదైనా ఆగితే వెంటనే చూసే డ్యూటీ) కూడా నీదేనని రాశావు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు కాబట్టి రాసి పంపుతున్నాను. నా సర్వీసంతా సర్వర్ల దగ్గరే గడిచింది కదా, కాస్త చాదస్తం ఉంటుంది. ఓపిగ్గా చదువు.

సర్వర్‌లో గంట తేడా కనిపించగానే మీ టీమ్‌లో ఎవరో ఒకరు అంటారు, "డేట్ కమాండ్ కొట్టి ఒక గంట జరిపేస్తే పోలా?" అని. వద్దు. ఎంత పెద్దవాళ్లు చెప్పినా వద్దు. కంప్యూటర్‌లో టైమ్ అంటే రెండు వేర్వేరు విషయాలు. లోపల నడిచేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్. దానికి ఎండాకాలం లేదు, చలికాలం లేదు. ఆ యూటీసీ ప్రకారం న్యూయార్క్‌లో ఇప్పుడెంత, కైరోలో ఎంత అని లెక్కగట్టి చూపించడానికి ఒక నియమాల పట్టిక ఉంటుంది. మన ఇంట్లో గోడ గడియారం ఒకటి, పంచాంగం ఒకటి ఉన్నట్టు. పోయినేడు పంచాంగం చూసి ముహూర్తం పెట్టుకుని, తేడా వచ్చిందని గోడ గడియారం ముల్లు తిప్పుతామా?

తిప్పితే ఊరికే పోదు కూడా. అసలైన యూటీసీయే గంట తప్పుతుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో వాడే కెర్బెరోస్ లాగిన్ మామూలుగా ఐదు నిమిషాల తేడా వరకే ఊరుకుంటుంది. ఓటీపీ యాప్‌లు 30 సెకన్లకోసారి అంకె మారుస్తాయి. ఇక ఎవరూ లాగిన్ కాలేరు. నెట్ నుంచి టైమ్ తెచ్చి సరిచేసే పాత ప్రోగ్రామ్ ఎన్‌టీపీడీ నడుస్తున్న మెషీన్ అయితే, 1000 సెకన్లకు మించి తేడా కనిపిస్తే మామూలు సెట్టింగ్స్‌లో అది దండం పెట్టి ఆగిపోతుంది. గంటంటే 3600 సెకన్లు. ఒక గంట సరిచేద్దామని వెళ్లి మూడు ఫిర్యాదు టికెట్లు తెచ్చుకున్నట్టు అవుతుంది.

ఇంకో భ్రమ కూడా ఉంది. "ఎన్‌టీపీ పెట్టేశాం, డేలైట్ సేవింగ్ అదే చూసుకుంటుంది" అంటారు. ఎన్‌టీపీ, అంటే నెట్ మీద గడియారాలు సరిచూసుకునే పద్ధతి, మోసుకొచ్చేది యూటీసీని మాత్రమే. ఏ దేశం ఎప్పుడు గంట జరిపిందో దానికి తెలియదు. అలాగని దాన్ని వదిలేయమని కాదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలోని సర్వర్లు ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతోనో, వాటికి కలిపి ఉన్నవాటితోనో టైమ్ సరిచూసుకోవాలి. అది ఎలాగూ ఆడిట్‌లో అడుగుతారు. కానీ నీకిప్పుడు వచ్చిన పని అది కాదు, నియమాల పట్టికది.

ఆ పట్టిక పేరు టీజెడ్ డేటాబేస్. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టాడు, తర్వాత పాల్ ఎగర్ట్ అందుకున్నాడు, 2011 నుంచి ఇంటర్నెట్ అడ్రసులు, పేర్ల పట్టికలు చూసే ఐఏఎన్‌ఏ సంస్థ దాన్ని తన దగ్గర ఉంచి పంచుతోంది. ఏదైనా దేశం రూల్ మార్చగానే 2023ఏ, 2023బీ అంటూ కొత్త వెర్షన్ వస్తుంది. ఏటా మార్చిలో, నవంబరులో గంట అటూ ఇటూ జరగడం వేరు, ఆ జరిగే తేదీలే మారిపోవడం వేరు. మొదటిది పట్టికలో ముందే రాసి ఉంటుంది, నువ్వు చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. రెండోదానికే ఈ హడావిడంతా.

అమెరికా ఈ విషయంలో మర్యాదస్తురాలే. 2005లో చట్టం చేసి 2007 నుంచి అమలు చేసింది. ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా ఉన్నదాన్ని మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా చేసింది. అంత గడువిచ్చినా 2007 మార్చి 11 దగ్గర పడుతుంటే ఈ ఊళ్లో సపోర్ట్ టీమ్‌లన్నీ టెన్షన్‌తో ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ సవరణలు) వేస్తూనే ఉన్నాయి. ప్యాచ్ వెయ్యకముందు క్యాలెండర్‌లో పెట్టిన మీటింగులు ఆ మూడు వారాలూ గంట పక్కకు పోయాయి.

అందరూ అంత గడువు ఇవ్వరు. మొరాకో 2018లో, గడియారాలు వెనక్కి తిప్పాల్సిన రోజు రెండు రోజుల్లో ఉందనగా ఇక తిప్పబోమని ప్రకటించింది. ఈజిప్టు 2016 జులైలో డేలైట్ సేవింగ్ తెస్తామని చెప్పి, తీరా ఆ వారంలోనే మానుకుంది. 2023లో మళ్లీ తెచ్చింది. లెబనాన్‌ది మరీ ఘోరం. 2023 మార్చి 25 రాత్రి గడియారాలు ముందుకు జరగాలి. రెండు మూడు రోజుల ముందు ప్రధాని కార్యాలయం, రంజాన్ అయ్యాక జరుపుదాం అంది. చర్చిలు, కొన్ని టీవీ ఛానళ్లు మేం ఒప్పుకోం అని పాత తేదీకే జరిపేశాయి. ఒకే ఊళ్లో రెండు టైమ్‌లు నడిచాయి, ఫోన్లు కూడా ఒక్కొక్కటీ ఒక్కో టైమ్ చూపించాయి. నాలుగు రోజుల్లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. టీజెడ్ డేటాబేస్‌లో ఆ వాయిదా కోసం 2023బీ తెచ్చారు, వెంటనే దాన్ని రద్దు చేస్తూ 2023సీ తెచ్చారు. ఆ వారంలో చురుగ్గా 2023బీ వేసుకున్నవాళ్లే మళ్లీ పని చేసుకోవాల్సి వచ్చింది. నీకు దీన్నిబట్టి చెప్పేదేమిటంటే, అన్నిటికంటే కొత్త వెర్షన్ కనిపించగానే ఎగబడకు. ఏం మారిందో దాంతోపాటు వచ్చే న్యూస్ ఫైల్‌లో రాస్తారు. మీ క్లయింటుకు వ్యాపారం ఉన్న దేశం అందులో ఉందా లేదా చూడు. ఉంటే ముందు టెస్ట్ మెషీన్‌లో వెయ్యి.

మనవాళ్లకు ఈ గోల పుట్టి పెరిగిన దగ్గర్నుంచీ తెలియదు కాబట్టి చిన్నచూపు. నిజానికి మన దేశంలోనూ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 నుంచి 1945 మధ్య, గడియారాలు గంట ముందుకు జరిపారు. యూటీసీ కంటే ఐదున్నర బదులు ఆరున్నర గంటలు ముందు. ఆ ఏళ్లలో పుట్టినవాళ్ల జాతకం వేసేటప్పుడు తెలిసిన జ్యోతిష్కులు గంట తీసేసి లగ్నం కడతారు. మీ తాతయ్యది అలాగే వేయించారు. టీజెడ్ డేటాబేస్‌లో ఏషియా కోల్‌కతా అనే జోన్ తెరిస్తే ఆ గంట కూడా ఉంటుంది.

ఇక అసలు కష్టం దగ్గరికి వద్దాం. సర్వర్‌లో ఆ పట్టిక ఉండే టీజెడ్‌డేటా ప్యాకేజీ అప్‌డేట్ చేసి అయిపోయిందని మెయిల్ పెట్టేస్తారు చాలామంది. అక్కడ సగం కూడా కాదు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషకు తన సొంత పట్టిక ఉంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్ వైపు చూడదు. దానికి జేడీకే (జావా సాఫ్ట్‌వేర్ కిట్) అప్‌డేట్ వెయ్యాలి, లేదా ఆ పట్టికను మార్చే టీజెడ్‌అప్‌డేటర్ నడపాలి. ఇక డేటాబేస్‌లు. మైఎస్‌క్యూఎల్‌లో జోన్ల పేర్లు వాడుతుంటే ఆ పట్టికలను మనమే మళ్లీ లోడ్ చెయ్యాలి. పోస్ట్‌గ్రెస్ కొన్ని చోట్ల తన కాపీ, కొన్ని చోట్ల సిస్టమ్ కాపీ వాడుతుంది, ఎలా బిల్డ్ చేశారన్నదాన్ని బట్టి. ఒరాకిల్‌కు టైమ్‌జోన్ ఫైల్ వెర్షన్ అని వేరే ఉంటుంది, అది డీబీఏ (డేటాబేస్ చూసేవాళ్లు) పని, నువ్వు చెయ్యి పెట్టకు. పైథాన్‌లో పైటీజెడ్ అనే లైబ్రరీ వాడిన పాత కోడ్ తన కాపీ తనే మోసుకు తిరుగుతుంది. విండోస్ సంగతి సరేసరి, జోన్ల పేర్లతో సహా వేరు కుంపటి, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చేదాకా ఆగాల్సిందే.

కంటైనర్లను, అంటే సర్వర్ లోపల విడి పెట్టెల్లా నడిచే అప్లికేషన్లను, మాత్రం ఒకటికి రెండుసార్లు చూడు. బయట సర్వర్‌లో పట్టిక కొత్తదే ఉంటుంది, లోపల ఎప్పుడో కట్టిన ఇమేజ్‌లో (కంటైనర్‌కు అచ్చు లాంటిది) పాతది ఉంటుంది. ఆల్పైన్ లాంటి చిన్న ఇమేజ్‌లలో అసలు టీజెడ్‌డేటానే ఉండదు. అప్పుడు నువ్వు జోన్ పేరు ఎంత పద్ధతిగా పెట్టినా, ఎర్రర్ కూడా ఇవ్వకుండా యూటీసీలోకి పోతుంది.

అప్‌డేట్ అయ్యాక సర్వీసులు రీస్టార్ట్ చెయ్యి. నెలల తరబడి నడుస్తున్న ప్రాసెస్ మొదలైనప్పుడు చదివిన పట్టికనే బుర్రలో పెట్టుకుని ఉంటుంది. చెప్పిన టైమ్‌కు పనులు నడిపే క్రోన్‌ను ముఖ్యంగా మర్చిపోతారు. పాత సర్వర్లలో ఇంకో తిరకాసు: ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే, సర్వర్ ఏ జోన్‌లో ఉందో చెప్పే లోకల్‌టైమ్ ఫైల్ పట్టికకు లింకు కాకుండా విడి కాపీగా ఉంటుంది, ప్యాకేజీ ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా అది కదలదు. లింకా, కాపీనా అని ముందే చూసుకో.

సరిగా పడిందో లేదో తెలుసుకోవడానికి ఆ ఆదివారం దాకా ఆగనక్కర్లేదు. జెడ్‌డంప్ అనే చిన్న టూల్ ఉంది. మైనస్ వీ పెట్టి అమెరికా న్యూయార్క్ జోన్ పేరు ఇచ్చి, 2026 వరుసలు మాత్రం ఏరుకో. మార్చి 8న యూటీసీ 06:59:59 దగ్గర న్యూయార్క్‌లో 01:59:59, ఈఎస్‌టీ (అక్కడి చలికాలం టైమ్) అని ఒక వరుస ఉంటుంది. దాని కిందే యూటీసీ 07:00:00 దగ్గర 03:00:00, ఈడీటీ (అక్కడి వేసవి టైమ్) అని ఇంకో వరుస. రెండు గంటల నుంచి మూడు గంటల దాకా ఉన్న గంట మాయం. మీ క్లయింటు దేశాలన్నిటికీ ఈ వరుసలు తీసి, ఆ ప్రభుత్వం ప్రకటించిన తేదీతో పోల్చి, అదే మార్పు టికెట్‌లో అతికించు. మేనేజర్ అడిగినప్పుడు నోటి మాట కంటే అది పనికొస్తుంది. జావా, డేటాబేస్‌ల్లోనూ అదే క్షణాన్ని మార్చి చూపించమని అడిగి జవాబు పోల్చు.

ఆ మాయమైన గంటలో, అంటే అక్కడి టైమ్ రెండున్నరకు, ఏ జాబ్ (దానంతటదే నడిచే పని) అయినా పెట్టి ఉందేమో వెతుకు. అది ఆ రోజు నడవకపోవచ్చు. నవంబరులో దీనికి తిరగబడి ఉంటుంది. ఒంటి గంట నుంచి రెండు దాకా ఉన్న గంట రెండుసార్లు వస్తుంది, ఒకటిన్నరకు పెట్టిన బిల్లింగ్ జాబ్ రెండుసార్లు నడిచి కస్టమర్‌కు రెండు బిల్లులు వెళతాయి. కొన్ని క్రోన్‌లు ఇది సర్దుకుంటాయి, అన్నీ కాదు. జాబ్‌లను యూటీసీకి మార్చు, కుదరకపోతే తెల్లవారుజామున నాలుగింటికి తోసెయ్యి. ఎక్కడైనా జోన్ అని ఉన్నచోట ఉత్త ఈఎస్‌టీ అని రాసి ఉంటే దాన్ని కూడా పట్టుకో. అది ఏడాదంతా యూటీసీకి ఐదు గంటలు వెనకే ఉంటుంది, వేసవిలో జరగదు. ఊరి పేరుతో ఉన్న జోనే పెట్టాలి.

"అన్నీ యూటీసీలో దాచితే చాలు" అని నీకు ట్రైనింగ్‌లో చెప్పి ఉంటారు. జరిగిపోయినవాటికి, లాగ్‌లకు, చెల్లింపులకు అది నూటికి నూరుపాళ్లు నిజం. జరగబోయేవాటికి కాదు. కైరోలో 2023 మే 15న ఉదయం పదింటికి డెలివరీ అని ఎవరో జనవరిలో బుక్ చేశారనుకో. అప్పటి రూల్ ప్రకారం సిస్టమ్ దాన్ని 08:00 యూటీసీ అని దాస్తుంది. మార్చిలో అక్కడి కేబినెట్ డేలైట్ సేవింగ్‌కు ఒప్పుకుంది, ఏప్రిల్ 28న గడియారాలు జరిగాయి. నువ్వు పట్టికను ఎంత శ్రద్ధగా అప్‌డేట్ చేసినా ఆ బుకింగ్ ఇప్పుడు పదకొండుకు కనిపిస్తుంది. కస్టమర్ పదింటికి గేటు దగ్గర నిలబడి ఉంటాడు. అందుకే ముందు తేదీల బుకింగ్‌లో ఆ ఊరి టైమ్, ఆ ఊరి జోన్ పేరు, ఈ రెండూ దాచాలి, యూటీసీని అవసరమైనప్పుడు లెక్కగట్టుకోవాలి. ఇది నీ ఒక్కడి చేతిలో లేదు, డెవలపర్లను అడగాలి. ఇప్పుడే అడుగు.

మనుషుల గడియారం కూడా ఉంది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, నవంబరు నుంచి ఏడున్నర. క్యాబ్ రోస్టర్ మార్చమని ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కు వారం ముందే చెప్పండి, లేకపోతే గచ్చిబౌలి ట్రాఫిక్‌లో గంట ముందుపోయి ఖాళీగా కూర్చుంటారు. 2026లో అమెరికా మార్చి 8న జరిగితే లండన్ 29న జరుగుతుంది. ఆ మూడు వారాలూ ఆ రెండు ఊళ్ల మధ్య తేడా ఐదు గంటలు కాదు, నాలుగే. ముగ్గురూ కలిసే కాల్ ఏ దేశం జోన్‌లో పెట్టారో చూసుకో, మిగతా ఇద్దరికే జరుగుతుంది.

నీ ఆన్‌కాల్ సంగతి. మార్చిలో న్యూయార్క్‌లో గంట జరిగేది మనకు ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి. చికాగో ఒకటిన్నరకి, లాస్ ఏంజెలిస్ మూడున్నరకి. అంటే రాత్రంతా మేలుకోనక్కర్లేదు, కాకపోతే నాలుగు దాకా లాప్‌టాప్ దగ్గరే ఉండు.

మీ క్లయింటుకు మెక్సికోలో డిపోలు కూడా ఉన్నాయన్నావు. ఆ దేశం 2022 అక్టోబరు చివర్లో డేలైట్ సేవింగ్ ఎత్తేసింది కానీ, అమెరికా సరిహద్దు పట్టణాలు కొన్ని ఇప్పటికీ అమెరికాతోపాటే జరుగుతాయి. డిపోలన్నిటికీ మెక్సికో సిటీ జోనే పెట్టేసి ఉంటారని నా అనుమానం. ఊళ్ల పేర్లతో జాబితా పంపు, ఏది ఏ జోన్‌లోకి వస్తుందో చూసి చెబుతాను.

ఇట్లు,
అత్తయ్య