ఫెర్లింగెట్టి కాగితాలు చదవబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమెరికన్ కవి, ప్రచురణకర్త లారెన్స్ ఫెర్లింగెట్టి జీవితచరిత్రను తెలుగులో రాయాలని నిశ్చయించుకున్నావనీ, అందుకోసం బర్కిలీలోని బాన్‌క్రాఫ్ట్ గ్రంథాలయంలో భద్రపరచిన ఆయన కాగితాలనూ ఆయన నడిపిన సిటీ లైట్స్ ప్రచురణ సంస్థ దస్త్రాలనూ చూడబోతున్నావనీ చదివి ఎంతో సంతోషించాను. ఉద్యోగ జీవితమంతా రాతప్రతుల మధ్యే గడిపినవాణ్ని గనుక, ఎక్కడ మొదలుపెట్టాలని నీవే అడిగావు గనుక, నాకు తోచిన నాలుగు మాటలు వివరంగా రాస్తున్నాను.

కవి నోటుపుస్తకాలతో మొదలుపెట్టవద్దు. ప్రచురణకర్త బిల్లులతో, ఒప్పందాలతో, ఉత్తరాల నకళ్లతో మొదలుపెట్టు. కవితలు రాసే మనిషి తన శాంతివాదాన్ని గురించి ఎంత గొప్పగానైనా చెప్పుకోగలడు; ఆ మాటలన్నీ ఇప్పటికే అచ్చులో ఉన్నాయి, వాటి కోసం పెట్టెలు తెరవనక్కరలేదు. ఎవరి పుస్తకం నష్టానికైనా వేశాడు, ఎవరి డబ్బు వద్దన్నాడు, పోలీసులు వచ్చినప్పుడు ఎవరికి ముందుగా ఉత్తరం రాశాడు అనేవి మాత్రం వ్యాపారపు కాగితాల్లోనే దొరుకుతాయి. లెక్కలు చూడటం విసుగనిపిస్తుందని నాకు తెలుసు. అయినా ఆ విసుగును ఓర్చుకున్నవారికే ఈ మనిషి పూర్తిగా కనిపిస్తాడని నా గట్టి నమ్మకం.

ఆయన బాల్యం గురించి ఎక్కువ పేజీలు ఖర్చు పెట్టకు. 1919లో న్యూయార్క్ పక్కన యాంకర్స్‌లో పుట్టడం, పుట్టకముందే తండ్రి పోవడం, తల్లి ఆసుపత్రి పాలైతే బంధువు ఒకావిడ ఫ్రాన్సుకు తీసుకువెళ్లి పెంచడం, అందువల్ల మొదట ఫ్రెంచి మాటలే రావడం ఇప్పటికే చాలామంది రాశారు. ఆ భాగం నుంచి నీకు పనికివచ్చేది పేరు సంగతి. ఇటలీ నుంచి వచ్చిన తండ్రి ఇంటిపేరును ‘ఫెర్లింగ్’ అని కుదించుకున్నాడు. కొడుకు కూడా 1950ల నడిమి దాకా లారెన్స్ ఫెర్లింగ్ అనే పేరుతోనే రాశాడు. ఫ్రెంచి కవి ప్రెవేర్ కవితలకు ఆయన చేసిన తొలి అనువాదాలు ఆ పేరుతోనే అచ్చయ్యాయి. 1955లో తన మొదటి కవితా సంపుటితో పూర్తి ఇంటిపేరుకు వచ్చాడు. కాబట్టి ఏ గ్రంథాలయపు జాబితాలో వెతికినా రెండు పేర్లతోనూ వెతుకు, లేకపోతే అంతకుముందు రాసిన ఉత్తరాలు నీ కంటపడకుండానే పోతాయి.

నాగసాకి విషయంలో చాలా జాగ్రత్తగా ఉండు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన అమెరికా నౌకాదళంలో అధికారి; 1944 జూన్‌లో నార్మండీ దండయాత్ర సమయాన జలాంతర్గాములను వేటాడే చిన్న ఓడకు నాయకత్వం వహించాడు. తర్వాత పసిఫిక్‌కు వెళ్లి, 1945లో బాంబు పడిన కొన్ని వారాలకు నాగసాకిని కళ్లారా చూశాడు. అక్కడ చూసినదే తనను శాంతివాదిని చేసిందని జీవితమంతా చెబుతూ వచ్చాడు. ఆ మాటను నేను శంకించడం లేదు. అయితే ఏళ్ల తరబడి ఇంటర్వ్యూల్లో చెబుతూ వచ్చిన కథ మాటమాటకూ నునుపుదేరుతుంది. నీవు చేయవలసిన పని ఏమిటంటే, ఆ అనుభవాన్ని ఆయన ఏ సంవత్సరంలో, ఎవరికి, ఏ మాటల్లో చెప్పాడో తేదీల వారీగా ఒక పట్టిక తయారు చేసుకోవడం. అది ముందుంటే, చూసిన క్షణానికీ దానికి అర్థం చెప్పుకున్న కాలానికీ మధ్య ఏం జరిగిందో అడగగలుగుతావు. ఆ మధ్యకాలంలోనే కొలంబియాలో ఎం.ఏ., పారిస్‌లో డాక్టరేటు ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో చేరాక కవి కెన్నెత్ రెక్స్‌రాత్ ఇంటి గోష్ఠులున్నాయి. రెక్స్‌రాత్ యుద్ధాన్ని మనస్సాక్షి పేరిట నిరాకరించిన అరాచకవాది. బర్కిలీలో శాంతివాదులు 1949లో ప్రారంభించిన కె.పి.ఎఫ్.ఎ. రేడియో అక్కడ వినిపించేది. శిథిలాలు చూసి కదిలిపోయిన ఒక నౌకాదళ అధికారికి ఆలోచనను, భాషను ఇచ్చింది శాన్ ఫ్రాన్సిస్కో ఊరే అని నా అభిప్రాయం. నీకు కాగితాలు వేరే దారి చూపిస్తే వాటి వెంటే వెళ్లు.

ఉత్తరాల విషయంలో కొత్తవాళ్లు మరచిపోయే సంగతి ఒకటుంది. ఒక మనిషి దాచుకున్న పెట్టెల్లో ప్రధానంగా ఉండేవి ఇతరులు ఆయనకు రాసినవి. ఆయన రాసినవి అందుకున్నవారి ఇళ్లకు పోయాయి. కవి అలెన్ గిన్స్‌బర్గ్ ఫెర్లింగెట్టికి రాసిన జాబులను బర్కిలీలో వెతకాలి, ఆయన గిన్స్‌బర్గ్‌కు రాసినవాటి కోసం స్టాన్‌ఫర్డ్‌లోనూ, కొలంబియా విశ్వవిద్యాలయంలోనూ ఉన్న గిన్స్‌బర్గ్ కాగితాలు చూడాలి. ఫెర్లింగెట్టి కవితా సంపుటాల్లో పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడైనది, 1958లో వచ్చింది, ఆయన సొంత సంస్థ వేసినది కాదు. న్యూ డైరెక్షన్స్ వేసింది. ఆ సంస్థ దస్త్రాలు హార్వర్డ్‌లోని హౌటన్ గ్రంథాలయంలో ఉన్నాయి. రెక్స్‌రాత్ కాగితాలు లాస్ ఏంజెలెస్‌లో ఉన్నాయి. రెండు వైపుల ఉత్తరాలూ పక్కపక్కన పెట్టనిదే ఏ తగవు గురించీ తీర్పు రాయవద్దు.

తన ఉత్తరాలకు ప్రచురణకర్త ఉంచుకునే కార్బన్ నకళ్లు కొంతవరకు ఈ లోటు తీరుస్తాయి. ఉల్లిపొర కాగితం మీద అక్షరాలు కాస్త అలికినట్టుంటాయి, చాలావాటికి కింద సంతకం ఉండదు. నకలు ఉన్నంత మాత్రాన పైప్రతి పోస్టులో పడిందని అర్థం కాదు; కోపంలో టైపు చేసి పంపకుండా ఆపుకున్న ఉత్తరాలు ప్రతి కార్యాలయంలోనూ ఉంటాయి. జవాబు దొరికితేనే వెళ్లిందని రాయి. తేదీ లేని ఉత్తరానికి కవరు మీది పోస్టుముద్ర ఆధారం, అందుకే కవరును ఉత్తరం నుంచి విడదీయకు. రెండు కాగితాల మీద ఒకేచోట, ఒకే ఆకారంలో తుప్పుమచ్చ కనిపిస్తే, ఒకప్పుడు వాటిని ఒకే క్లిప్పు కలిపి ఉంచిందని తెలుస్తుంది. ఇప్పుడు అవి వేరువేరు ఫోల్డర్లలో ఉన్నా సరే, ఆ విషయం నీ నోట్సులో రాసుకో. కానీ నీ చేత్తో వాటిని మళ్లీ కలపవద్దు. పెట్టెలో ఉన్న వరుసను మార్చే హక్కు చదువరికి లేదు.

ఇక 1957. నీ పుస్తకానికి గుండెకాయ ఇదే కావాలని నా కోరిక. 1953లో పీటర్ మార్టిన్‌తో కలిసి, తలా 500 డాలర్లు వేసుకుని ఫెర్లింగెట్టి శాన్ ఫ్రాన్సిస్కోలోని కొలంబస్ అవెన్యూలో సిటీ లైట్స్ పుస్తకాల దుకాణం తెరిచాడు. 1955లో పాకెట్ పొయెట్స్ గ్రంథమాల మొదలైంది. అందులో నాలుగోది, 1956లో 75 సెంట్ల ధరకు వచ్చిన గిన్స్‌బర్గ్ ‘హౌల్’. లండన్‌లో విలియర్స్ అనే ముద్రణాలయంలో అచ్చువేయించి ఓడలో తెప్పించేవాడు. 1957 మార్చి 25న రెండో ముద్రణకు చెందిన 520 ప్రతులను అశ్లీలమంటూ కస్టమ్స్ అధికారులు పట్టుకున్నారు. ఇది వస్తుందని ఆయన ముందే ఊహించి, రాతప్రతిని అచ్చుకు ఇవ్వకముందే ఎ.సి.ఎల్.యు. అనే పౌరహక్కుల సంఘానికి చూపించి అండ అడిగాడు. ఆవేశపరుడైన కవిగా మాత్రమే ఆయనను చూసేవాళ్లు ఈ ముందుచూపును గమనించరు. కేసు నడపడానికి ప్రభుత్వ న్యాయవాది ఇష్టపడకపోవడంతో కస్టమ్స్ వెనక్కి తగ్గింది. జూన్‌లో నగర పోలీసులు దుకాణానికి వచ్చి, ఒక ప్రతి కొని, కౌంటరు దగ్గరున్న షిగెయోషి మురావోను అరెస్టు చేశారు. ఊళ్లో లేని ఫెర్లింగెట్టి తర్వాత వచ్చి లొంగిపోయాడు. అక్టోబర్ 3న న్యాయమూర్తి క్లేటన్ హార్న్ ఆ పుస్తకానికి సామాజిక ప్రాముఖ్యం ఉందనీ, అది అశ్లీలం కాదనీ తీర్పు చెప్పాడు.

ఈ సంవత్సరపు ఫోల్డర్లు చదివేటప్పుడు తేదీల దగ్గర నీ కళ్లు మోసపోకుండా చూసుకో. శాన్ ఫ్రాన్సిస్కోలో 3/6/57 అని రాస్తే మార్చి 6. లండన్ ముద్రాపకుడు అదే అంకెలు వేస్తే జూన్ 3. మార్చిలో పట్టుబడటానికీ జూన్‌లో అరెస్టుకూ మధ్య ఏది ముందు జరిగిందన్నదే మొత్తం కథ అయినచోట, ఈ ఒక్క పొరపాటు అధ్యాయాన్నంతా తలకిందులు చేస్తుంది. నెలను ఎప్పుడూ అక్షరాల్లోనే రాసుకో. లండన్ బిల్లులు పౌండ్లు, షిల్లింగులు, పెన్సుల్లో ఉంటాయి. పన్నెండు పెన్సులు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు. మీ తాతగారి జమాఖర్చుల పుస్తకంలో రూపాయలు, అణాలు, పైసలు చూసినదానివి గనుక ఆ కూడికలు నీకు కొత్త కాదు. అమెరికాలో కాకుండా లండన్‌లో ఎందుకు అచ్చు వేయించాడో, ఒక్కో ప్రతికి ఎంత పడిందో, 75 సెంట్లలో కవికి ఎంత, దుకాణానికి ఎంత మిగిలిందో ఆ లెక్క తేల్చి రాయి. పేద కవికీ పేద పాఠకుడికీ మధ్య నిలబడిన ప్రచురణకర్త పాఠకుడికి ఆ లెక్కలోనే కనిపిస్తాడు.

మురావోను పక్కకు నెట్టవద్దు. జపాను సంతతివాడైనందుకు యుద్ధకాలంలో కుటుంబంతో సహా ఐడహోలోని మినిడోకా నిర్బంధ శిబిరంలో ఉన్నవాడు ఆయన. తన దేశం చేతుల్లో అంతకుముందే అంత అనుభవించిన మనిషి ఒక కవితల పుస్తకం అమ్మినందుకు మళ్లీ పోలీసుల వెంట నడవవలసివచ్చింది. ఆయనపై అభియోగం నిలవలేదు, ఎందుకంటే ఆ పుస్తకంలో ఏముందో ఆయనకు తెలుసునని రుజువు కాలేదు. తర్వాతి కాలంలో ఆయనకూ ఫెర్లింగెట్టికీ ఎడం వచ్చింది. అది కూడా దాచకుండా రాయి. యజమాని పేరు మీద దాచిన దస్త్రాల్లో ఉద్యోగి గొంతు సన్నగానే వినిపిస్తుంది కాబట్టి, గిన్స్‌బర్గ్ కాగితాల్లోనూ ఆనాటి పత్రికల్లోనూ ఆయన కోసం ప్రత్యేకంగా వెతుకు.

శాంతివాదం అనే అధ్యాయాన్ని విడిగా రాయకు. దానిని నిరాకరణల వెంట నడిపించు. 1967 చివర్లో ఫెర్లింగెట్టి ఓక్లండ్ సైనిక నియామక కేంద్రం వాకిట బైఠాయించినవారితో పాటు అరెస్టయి శాంటా రీటా జైలుకు వెళ్లాడు. అక్కడ రాసుకున్న డైరీ తర్వాత అచ్చయింది. 1968లో వియత్నాం యుద్ధానికి నిరసనగా పన్ను కట్టబోమని రచయితలూ సంపాదకులూ చేసిన ప్రతిజ్ఞపై సంతకం చేశాడు. వ్యాపారం చేసుకునే మనిషికి పన్ను కట్టనని సంతకం పెట్టడమంటే దుకాణాన్నే పణం పెట్టడం, కాబట్టి ఆ ఏడాది లెక్కల ఫోల్డరు, న్యాయవాదుల ఉత్తరాలు తప్పక అడుగు. 2012లో తొంభై మూడేళ్ల వయసులో, హంగేరీ ప్రభుత్వపు సొమ్ము కలిసి ఉందని తెలిసి 50,000 యూరోల బహుమతిని వద్దన్నాడు. నాలుగున్నర దశాబ్దాల పాటు ఒకే గీత మీద నిలబడిన చేవ్రాలు ఇది. నాకు ఆయన మీద ఉన్న గౌరవానికి మూలం ఇదే.

మన సాహిత్యంతో ముడిపెట్టాలన్న ఆరాటం నీకు తప్పక కలుగుతుంది. గిన్స్‌బర్గ్ 1962–63లో భారతదేశంలో తిరిగాడు, ఆ దినచర్య పుస్తకాన్ని 1970లో సిటీ లైట్స్ బయటికి తెచ్చింది. హైదరాబాదులో దిగంబర కవుల మొదటి సంపుటి 1965లో వచ్చింది. ఈ తేదీలు పక్కపక్కన కనిపించినంత మాత్రాన ఒకదాని నుంచి ఒకటి పుట్టిందని రాయవద్దు. హైదరాబాదు పోస్టుముద్ర ఉన్న కవరు ఏదైనా దొరికితే అప్పుడు ధైర్యంగా రాయి. దొరకకపోతే మన కవుల ఆగ్రహానికి మన నేలలోనే కావలసినన్ని కారణాలున్నాయి.

చదువు గదిలో పెన్సిలే వాడాలి, ఒకసారికి ఒక ఫోల్డరే తెరవాలి అని వాళ్లే చెబుతారు. పెట్టెలు వేరేచోట భద్రపరచి ఉండవచ్చు గనుక కొన్ని రోజుల ముందే అడిగి పెట్టుకో. ఫోటో తీసుకునే ముందు పెట్టె సంఖ్య, ఫోల్డరు సంఖ్య రాసిన చీటీ కాగితం పక్కన పెట్టి తీయి. ఇంటికి వచ్చాక ఏ బొమ్మ ఎక్కడిదో తెలియక తలపట్టుకున్న పరిశోధకులను నేను చాలామందిని చూశాను.

చివరగా అనుమతుల సంగతి. కాగితం గ్రంథాలయానిదైనా అందులోని మాటలపై హక్కు రాసినవారిదీ, వారి వారసులదీ. అమెరికా చట్టం ప్రకారం అచ్చుకాని ఉత్తరానికి రచయిత మరణం తర్వాత 70 ఏళ్ల వరకు రక్షణ ఉంటుంది. గిన్స్‌బర్గ్ 1997లో, ఫెర్లింగెట్టి 2021 ఫిబ్రవరిలో పోయారు. కవితలను తెలుగు చేసి వేసుకోవడానికి కూడా అనుమతి కావాలి. సారాంశం నీ మాటల్లో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు గనుక, నిజంగా యథాతథంగా ఉండితీరవలసిన వాక్యాలేవో ముందే ఏరుకుని వాటికే అడుగు. ఈ జాబులు పుస్తకం పూర్తయ్యాక కాదు, ఇప్పుడే రాయి, ఎందుకంటే జవాబులకు నెలలు పడుతుంది, కొందరు అసలు రాయరు. ఎవరికి ఏ తేదీన రాశావో నకళ్లతో సహా ఒక ఫైలు పెట్టుకుంటే రేపు నీ ప్రచురణకర్తకు చూపించవచ్చు. 1957 అధ్యాయం చిత్తుప్రతి కాగానే నాకు పంపు. తేదీలూ పౌండ్ల లెక్కలూ నేను సరిచూసి పెడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న