బ్రాడీపేటలోని పాత మిద్దె ఇల్లు కొంటే కూల్చవలసిందేనా?

గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత మిద్దె ఇల్లు బేరానికి వచ్చిందని, వానాకాలంలో కారుతోందని, దానిని కూల్చి కట్టుకోవాలా లేక బాగుచేయించుకోవాలా అని మీరు అడిగారు. కూల్చకండి. అదే పేటలో అలాంటి ఇంట్లోనే పుట్టి పెరిగినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

మా తాతగారి ఇంటి పైకప్పు మద్రాసు మిద్దె. గోడ నుంచి గోడకు మూరెడు ఎడంలో టేకు దూలాలు, వాటిపై సున్నంలో ఐమూలగా నిలబెట్టి పేర్చిన సన్నని ఇటుకలు, ఆపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి కొట్టిన దిమ్మ. మే నెలలో 44 డిగ్రీల ఎండ కాస్తున్నా నడిమి గదిలో నాపరాళ్ల మీద చాప కూడా లేకుండా పడుకుని, ఆ దూలాలను లెక్కపెడుతూ నిద్రపోయేవాళ్లం.

మిద్దె కారడం మొదలైనప్పుడు తాతగారు రెండు వానాకాలాలు ఓర్చుకుని, మూడో ఏడు ఒక కాంట్రాక్టరు మాట నమ్మి పైన సిమెంటు పూత వేయించారు. ఒక్క వేసవికే అది నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల్లోంచి దిగిన నీరు మళ్లీ పైకి ఆవిరయ్యే దారి లేక సున్నపు దిమ్మలోనే నిలిచిపోయి, దూలాల కొసలు గోడలో కూర్చున్న చోటికి చేరింది. ఒకరోజు మా నాయనమ్మ స్టూలెక్కి వంటింటి దూలం కొసలో చెంచా కాడ గుచ్చి, "చూశారా, వెన్నలో దిగినట్టు దిగుతోంది" అని తాతగారికి చూపించింది. ఆయన ఆ పూట అన్నం తినలేదు.

అప్పుడు పాత గుంటూరు నుంచి ఒక ముసలి మేస్త్రీ వచ్చాడు. పుచ్చిన రెండు దూలాలను మార్చి, సిమెంటునంతా చెక్కించి, గుంటలో మాగబెట్టిన సున్నాన్ని ఇసుకతో గానుగలో నూరించాడు. ఇటుక ముక్కలు కలిపి పరిచాక ఏడెనిమిది మంది ఆడవాళ్లు రెండు బారులుగా కూర్చుని, బెల్లమూ కరక్కాయా నానిన నీళ్లు చిలకరిస్తూ చెక్క పలకలతో రోజుల తరబడి కొట్టారు. ఇల్లంతా దుమ్ము రాలుతుంటే నాయనమ్మ పొయ్యిని పెరట్లోకి మార్చింది. బెల్లం వాసనకు గండుచీమలు గోడ వెంట బారులు తీరాయి. పలక మొనతో గీసినా గీత పడనంతగా మిద్దె గట్టిపడిన తర్వాతే మేస్త్రీ పని చాలించాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఆ కప్పు నుంచి చుక్క నీరు రాలలేదు. సున్నపు కట్టడానికి సిమెంటు మందు కాదు, జబ్బు.

ఇల్లు ఒక్కటే కాదు, ఆ పేట ఉన్న తీరు కూడా మీరు చూడాలి. పాత గుంటూరు వీధులు వాటంతట అవి పెరిగి వంకర తిరిగినవైతే, రైలు పట్టాలకు చెరోవైపున్న బ్రాడీపేట, అరండల్‌పేట స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. ఇద్దరు ఆంగ్లేయ అధికారుల పేర్లతో వెలిసిన ఈ పేటల్లో లైన్లు ఒకవైపు, అడ్డరోడ్లు వాటిని కోస్తూ మరోవైపు సాగుతాయి కనుక "నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు" అంటే రిక్షావాడు మరో ప్రశ్న అడిగేవాడు కాదు. 1904లో గుంటూరు మళ్లీ జిల్లా అయి కోర్టులూ కచేరీలూ పెరిగాక, వకీళ్లకు, గుమాస్తాలకు, మేష్టర్లకు తగిన ఇళ్లు ఇవే అయ్యాయి: ముందు అరుగు, క్లయింట్లు కూర్చునే ముందుగది, దాని వెనక నడిమి గది, వంటిల్లు, పెరట్లో గిలకబావి. మా అరుగు మీద సాయంత్రం కనీసం నలుగురు పరాయివాళ్లు కూర్చునేవారు; వారిని లేవమన్న ఇల్లు మా లైనులో నేను చూడలేదు.

ఇప్పుడు అదే స్థలంలో అయిదంతస్తుల అపార్టుమెంట్లు లేచి, అరుగు ఉండవలసిన చోట కార్లు నిలుస్తున్నాయి. బావులను పూడ్చి బోర్లు వేసుకున్నవారు ఎండాకాలం రాగానే ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్నారు. నాకు మరీ కోపం తెప్పించేది మరొకటి ఉంది. పాత ఇల్లు పనికిరాదని మీకు నచ్చజెప్పేవాడే కూల్చిన మర్నాడు ఆ టేకు దూలాలను మంచి ధరకు అమ్ముకుంటాడు. పనికిరాని ఇంటి కలపకు అంత గిరాకీ ఎక్కడి నుంచి వచ్చిందో అతన్నే అడగండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక చెంచా తీసుకెళ్లి, ముఖ్యంగా వంటింటి వైపు, ప్రతి దూలం కొసలోనూ దాని కాడ గుచ్చి చూడండి. దిగకపోతే ధైర్యంగా కొనుక్కుని, సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతికించి మిద్దె వేయించుకోండి. ఒకటి రెండు చోట్ల దిగినా భయపడవద్దు, ఆ దూలాలను మాత్రం మార్పించుకోండి. మేమూ అదే చేశాము.