డిస్ట్రాయర్ మోడల్ చేయాలంటే ముందు మందం లెక్క చూసుకోండి

ప్రశ్న: కావలిలో ఉంటాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి డిస్ట్రాయర్ మోడల్ ఒకటి అన్ని వివరాలతో చేయాలని ఉంది. 1/350 (అసలు ఓడలో 350వ వంతు) ప్లాస్టిక్ కిట్ తెప్పించుకోవడం మంచిదా, విడి సామానుతో సొంతంగా కట్టొచ్చా?

కట్టొచ్చు. కావలి, నెల్లూరు, ఒంగోలు తిరిగితే దాదాపు సామానంతా దొరుకుతుంది. కిట్లను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. జపాన్ కంపెనీ తమియా వాళ్ల 1/350 ఫ్లెచర్ (అమెరికా డిస్ట్రాయర్) ముక్కలు సరిగ్గా కూర్చుంటాయి, చేయి తిరగడానికి మంచిదే. అసలు ఫ్లెచర్ పొడవు 114.8 మీటర్లు కాబట్టి మోడల్ 33 సెంటీమీటర్లకు కాస్త లోపు వస్తుంది. చిక్కంతా మందంతోనే. ఆ సైజులో ఫిరంగి కవచం అంచు 0.6 మి.మీ. ఉందనుకోండి, 350తో హెచ్చవేస్తే 21 సెంటీమీటర్లు. అంత మందం ఇనుము డిస్ట్రాయర్ మీద ఎక్కడా ఉండదు. డిస్ట్రాయర్ అంటే రేకు ఓడ, అమెరికా నావికులు దాన్ని రేకు డబ్బా అనే పిలిచేవాళ్లు. ఆ పలచదనం కంటికి కనపడకపోతే ఎన్ని ఫిరంగులు అతికించినా బొమ్మ ఓడే అవుతుంది.

ఏ ఓడ చేయాలని మీరు అడగలేదు. నేను చెప్పదలచుకున్నది మాత్రం అదే. అందరూ జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ చేస్తారు, లేదంటే ఫ్లెచర్ చేస్తారు. మీరు రాజ్‌పుత్ చేయండి. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ యార్డు 1942లో నీళ్లలోకి దింపిన హెచ్ఎంఎస్ రోథర్‌హామ్, 1949లో మన నౌకాదళంలో చేరి ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అయింది. అదే ఆర్ తరగతికి చెందిన రెడౌట్, రైడర్ కూడా వచ్చి రంజిత్, రాణా అయ్యాయి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళకు విశాఖ రేవు నుంచి బయటికి పోతూ, నీళ్లలో అలజడి కనిపించి రాజ్‌పుత్ రెండు డెప్త్ చార్జీలు, అంటే నీళ్ల లోతున పేలి జలాంతర్గామిని దెబ్బతీసే డ్రమ్ము బాంబులు, వదిలింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ రాత్రే రేవు బయట మునిగింది. రాజ్‌పుత్ దెబ్బకే మునిగిందని మనవాళ్లు, లోపలి పేలుడో సొంత మైనో కారణమని పాకిస్తాన్ వాళ్లు అంటారు. ఎవరి మాట నమ్మినా, ఈ మోడల్ చూసేవాళ్ల కన్ను ముందు పడేది వెనక డెక్కు మీది డెప్త్ చార్జీల మీదే. పని అక్కడ తేలిపోకూడదు.

ఫొటోలు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అని కొడితే ఎక్కువగా వచ్చేది 1980లో చేరిన సోవియట్ ఓడ, దాని నంబరు డి51. మనకు కావలసింది డి141. ఆ ఓడే అయినా 1942 నాటి రూపం, 1971 నాటి రూపం ఒకటి కావు. ముందు సంవత్సరం ఖాయం చేసుకోండి. ఆ తర్వాత స్తంభం, రాడార్, చిన్న ఫిరంగులు అన్నీ ఆ ఏటివే ఉండాలి. ఆర్ తరగతిలో ఎనిమిది ఓడలు ఉన్నాయి కాబట్టి, ఒకదాని ఫొటోలో చాటైన మూల ఇంకోదాంట్లో దొరుకుతుంది. బ్రిటిష్ ఓడల డ్రాయింగుల పెద్ద సేకరణ గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లండ్‌లోని చాథమ్‌లో నిలబెట్టిన డిస్ట్రాయర్ కవాలియర్ దీనికి దగ్గరి బంధువే, కిటికీలూ తలుపులూ ఎలా ఉంటాయో దాని ఫొటోల్లో దగ్గరగా చూడొచ్చు. తర్వాత మార్చిన భాగాలను మాత్రం దాన్నుంచి ఎత్తకండి.

స్కేలు 1/100 పెట్టుకోండి. అసలు ఓడలో మీటరు మీ బల్ల మీద సెంటీమీటరు, క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. రాజ్‌పుత్ పొడవు 109.2 మీటర్లు, వెడల్పు 10.9 మీటర్లు. అంటే మోడల్ 109 సెంటీమీటర్ల పొడవు, 11 సెంటీమీటర్ల వెడల్పు. ఇంతకంటే చిన్నదైతే మన ఊళ్లలో దొరికే తీగలు లావైపోతాయి.

ఓడ ఒళ్లు కట్టడానికి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. వెన్నుకు 6 మి.మీ., అడ్డ ఫ్రేములకు 4 మి.మీ. సరిపోతుంది. ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన బోర్డు) తేలిగ్గా తెగుతుందని దాని జోలికి పోవద్దు. కార్తీక మాసపు వానలకు తేమ పీల్చి అంచులు ఉబ్బుతాయి, పెయింటు పగులుతుంది. ఫ్రేములను బోర్లించి కట్టాలి. డెక్కు ముందు ఎత్తుగా, వెనక దిగువగా ఉంటుంది కాబట్టి ప్రతి ఫ్రేముకూ డెక్కు గీత పైన కాళ్లు వదిలి, ఆ కాళ్ల చివర్లన్నీ ఒకే మట్టానికి వచ్చేలా కోయండి. ఆ మట్టానికి చీమకుర్తి గ్రానైటును మించింది లేదు. వంటింటి గట్లు వేసే షాపుల్లో నాలుగడుగుల పాలిష్ ముక్క మిగిలి పడి ఉంటుంది, అది తెచ్చుకుంటే చాలు. చెక్కబల్ల మీద కడితే బల్ల వంకరే ఓడకూ వస్తుంది.

ఫ్రేముల కొలతలో చాలామంది దెబ్బతింటారు. డ్రాయింగులో ఉన్నది రేకు బయటి గీత. దాన్నే ఫ్రేముకు కోసి, మీద 2 మి.మీ. చెక్కపట్టీలు పరిచారంటే అటూ ఇటూ కలిపి ఓడ 4 మి.మీ. లావెక్కుతుంది, అసలు ఓడలో 40 సెంటీమీటర్లు. సన్నగా కత్తిలా ఉండాల్సిన ముక్కు మొద్దుబారుతుంది. పట్టీలు మానేసి, ఫ్రేముల మధ్య పాత ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క ముక్కలు బిగించి, ఫ్రేము అంచు కనపడేదాకా ఉప్పుకాగితంతో రుద్దండి. పైన పడే గుడ్డకూ రెసిన్‌కూ కలిపి ఫ్రేమును అరమిల్లీ తగ్గించి కోసుకుంటే లెక్క కుదురుతుంది. వెనక భాగం బల్లపరుపుగా, కోసినట్టు ఉంటుంది. దాని అంచు గుండ్రంగా అరగనివ్వకండి.

పైపూతకు ఫైబర్ బోట్ల మరమ్మతుకు వాడే పాలియెస్టర్ రెసిన్ మన తీరమంతా దొరుకుతుంది. బోటువాళ్లు ఇచ్చే పీచు మ్యాట్ మాత్రం వద్దు, ఒక్క పొరకే మిల్లీమీటరు లేస్తుంది. 50 నుంచి 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) గాజు పీచు నేత గుడ్డ అడగండి. హార్డెనర్ బరువులో 1 నుంచి 2 శాతం. రోహిణి కార్తె ఎండల్లో 1 శాతానికే ఉండండి, ఎక్కువైతే కప్పులోనే పొగలు కక్కుతూ గట్టిపడుతుంది. లోపల థర్మకోల్ నింపి పైన ఈ రెసిన్ పూయొద్దు, దాన్ని తినేసి ఒళ్లంతా సొట్టలు చేస్తుంది. ఆరాక రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

ఓడ పక్కల రేకుల అతుకులు కనపడాలంటే మామూలు 75 జీఎస్ఎం ఏ4 కాగితం చాలు. దాని మందం 0.1 మి.మీ. దగ్గర, అంటే స్కేలులో 10 మి.మీ. రేకు. పట్టీలుగా కోసి, శాండింగ్ సీలర్‌తో అతికించి, పైన ఇంకో పూత ఇవ్వండి. ఫిరంగి కవచాలకు కూల్‌డ్రింక్ క్యాను పక్క రేకు, అదీ 0.1 మి.మీ. ప్రాంతమే. ప్రింటింగ్ ప్రెస్సుల్లో వాడేసిన ఆఫ్‌సెట్ ప్లేట్లు కొంచెం మందం, బ్రిడ్జి గోడలకు బాగుంటాయి. రెండిటికీ పైన ఉన్న రంగూ లక్కరూ 400 నంబరు కాగితంతో పూర్తిగా రుద్దకపోతే పెయింటు పొరలుగా లేస్తుంది. అల్యూమినియానికి మామూలు సోల్డర్ అంటదు, ఎపాక్సీతోనే అతికించాలి.

ప్రధాన ఫిరంగులు నాలుగు, 4.7 అంగుళాలవి. గొట్టం రంధ్రం 1.2 మి.మీ., పొడవు 54 మి.మీ. ఇత్తడి ఊచను డ్రిల్లింగ్ మెషీన్‌కు బిగించి ఆకురాయితో మొనవైపు సన్నం చేసుకోవచ్చు. విమానాలను కొట్టే చిన్న ఫిరంగులు, 20 మి.మీ. ఓర్లికాన్ గొట్టాలకు మందుల షాపులో దొరికే 26 నంబరు సూది కొలిచినట్టు సరిపోతుంది, బయటి మందం 0.46 మి.మీ. డెప్త్ చార్జి డ్రమ్ము అడ్డం సుమారు 45 సెంటీమీటర్లు, అంటే మోడల్‌లో 4.5 మి.మీ. అన్నీ ఒకే పొడవు రావాలంటే రంపం ముందు అడ్డు బిగించి కోయండి. కంటి అంచనాతో కోస్తే వరసలో పేర్చినప్పుడు ఎగుడుదిగుడు ఇట్టే పట్టిస్తుంది.

ఇక రెయిలింగ్. మోడల్ బతికేదీ చచ్చేదీ ఇక్కడే. ఆన్‌లైన్‌లో చూసే మోడళ్లలో సగం గుండుసూదులకు దారం చుట్టినవే. అసలు ఓడ మీద అది చేయిలావు గొట్టమై, పడవ తాడంత కంచె అవుతుంది. దారానికి నూగు కూడా ఉంటుంది, దుమ్ము పట్టి నెలకే బూజులా కనిపిస్తుంది. ఫ్యాన్లు, మోటార్లు చుట్టే వైండింగ్ షాపుకు వెళ్లండి. నిలువు కడ్డీలకు 36 నంబరు తీగ, 0.193 మి.మీ. అడ్డ తీగలకు 40 నంబరు, 0.122 మి.మీ. అది ఫ్యాన్ తీగకంటే సన్నం, అన్ని షాపుల్లో ఉండదు, అడిగి తెప్పించుకోవాలి. తూకానికి అమ్ముతారు. 40 నంబరు 50 గ్రాములంటే 450 మీటర్లకు పైనే, మీకు కావలసింది 6 మీటర్లు. రీలు చివర మిగిలింది అడిగినా సరిపోతుంది.

ఒక కొస వైసులో బిగించి, రెండో కొస పట్టకారుతో మెల్లగా లాగండి. తీగ కొద్దిగా సాగి లొంగినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడ ఆపితే గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది. సన్‌మైకా ముక్క మీద చిన్న మేకులు కొట్టి, మూడు అడ్డ తీగలను 3.3 మి.మీ. ఎడంతో బిగించండి. వాటి మీద ప్రతి 15 మి.మీ.కి ఒక నిలువు కడ్డీ. ఎడం ఎంతో మీ ఫొటో చూసి సరిచేసుకోండి. ఎత్తు 10 మి.మీ., డెక్కు రంధ్రంలో దిగడానికి కింద ఇంకో 3 మి.మీ. వదలాలి. మోటారు తీగ మీది ఎనామెల్ సోల్డర్ వేడికి పోదు. 600 నంబరు కాగితం మడిచి మధ్యలోంచి తీగను ఒకటి రెండుసార్లు లాగితే పోతుంది, బ్లేడుతో గీకితే 40 నంబరు తెగుతుంది. ఫ్లక్స్ (సోల్డర్ అంటుకునేలా చేసే పూత) చుక్క పెట్టి, 25 వాట్ల ఐరన్ కొసన సోల్డర్ మెరుపు మాత్రమే ఉంచి అలా తాకి తీసేయండి. ముడిలా బొట్టు నిలిచిందంటే సోల్డర్ ఎక్కువైనట్టు. రెండు వైపులా కలిపి 2 మీటర్ల రెయిలింగ్, 130కి పైగా కడ్డీలు, దాదాపు 400 అతుకులు. రోజుకు 20 సెంటీమీటర్లకు మించి చేయకండి, చేయి అలిశాక పెట్టిన అతుకు తెలిసిపోతుంది. అయ్యాక సబ్బు నీళ్లతో ఫ్లక్స్ మొత్తం కడగాలి. మన సముద్రపు గాలికి మిగిలిన ఫ్లక్స్ పచ్చగా చిలుము పట్టి, పెయింటు కిందినుంచి పైకి వస్తుంది.

స్తంభం తాళ్లకు 44 నంబరు తీగ, 0.081 మి.మీ. లోపలివి ముందు, బయటివి తర్వాత కట్టండి. అటు ఒకటి కడితే ఇటు ఒకటి కట్టాలి, లేకపోతే స్తంభం ఒరుగుతుంది.

పెయింటు గురించి రెండే మాటలు. ఎయిర్‌బ్రష్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. బ్రష్‌తో మూడు కోట్లు వేస్తే కాగితపు రేకుల అతుకులు పూడిపోతాయి. మెరుపు అసలు ఉండకూడదు. వానాకాలంలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కరు కొడితే గాలిలో తేమ దిగి తెల్లగా మబ్బు కమ్మినట్టు అవుతుంది. మధ్యాహ్నం పూట కొట్టండి, మబ్బు వస్తే పైన మెల్లగా ఆరే రిటార్డర్ థిన్నర్ పలచగా చల్లితే విడిపోతుంది. మే ఎండల్లో ఉల్టా, రంగు తుంపర దారిలోనే ఆరి గరుకుగా పడుతుంది. అప్పుడు తెల్లవారుజామే నయం.

గాజు పెట్టె లేకపోతే రెయిలింగ్ ఆరు నెలలు నిలవదు. ఆ పెట్టెలో సీసం మాత్రం పెట్టకండి. వలలకు కట్టే సీసపు గుండ్లు కరిగించి లంగర్లూ డెప్త్ చార్జీలూ పోయడం తేలికే. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి మూసిన పెట్టెలో సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. గాజు అతికించేవాళ్లు మామూలుగా వాడే సిలికాన్ వెనిగర్ వాసన కొడుతుంది చూశారా, అదీ ఆ ఆమ్లమే. న్యూట్రల్ క్యూర్ సిలికాన్ అని అడిగి వేయించండి. అతికించాక వాసన పూర్తిగా పోయేదాకా, వారమైనా సరే, పెట్టెను ఖాళీగా తెరిచి ఉంచి, ఆ తర్వాతే ఓడను లోపల పెట్టండి.