జూనో-106ని యూరప్‌కి ఎందుకు పంపడం లేదు?

ప్రశ్న: జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాను. పాత రోలాండ్ జూనో-106 సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) జపాన్ షాపులో మంచి ధరకు దొరికింది. తీరా ఆర్డర్ పెట్టబోతే ఈయూ దేశాలకు పంపడం లేదన్నారు. ఎందుకు? వేరే దారి ఉందా?
- ఒక పాఠకుడు, మ్యూనిక్

జవాబు: దీనికి కారణం జీపీఎస్ఆర్. 2024 డిసెంబరు 13 నుంచి ఈయూలో అమలవుతున్న ఉత్పత్తుల భద్రత నిబంధన ఇది. బయటి దేశపు వ్యాపారి అక్కడి వినియోగదారులకు అమ్మాలంటే ఆ వస్తువుకు ఈయూలో ఒక బాధ్యుడిని చూపించాలి. సెకండ్‌హ్యాండ్ సరుకుకీ ఇదే రూలు. 1984 నాటి సింథ్ అయినా, యూరప్ మార్కెట్‌లోకి ఇప్పుడే మొదటిసారి వస్తోందంటే కొత్తదానితో సమానమే. చిన్న షాపులకు ఈ తతంగం గిట్టుబాటు కాదు. పురాతన వస్తువులకు మినహాయింపు ఉంది కానీ, వాయించడానికి కొనే కీబోర్డు విషయంలో దాన్ని నమ్ముకుని డబ్బు కట్టకండి.

కాబట్టి యూరప్‌లోనే ఉన్న జూనో వెతకండి. వ్యాపారంగా కాకుండా సొంత వాద్యాన్ని అమ్ముకునే వాళ్లకు ఈ నిబంధన వర్తించదు. ధర కాస్త ఎక్కువ ఉన్నా భయపడకండి. జపాన్ నుంచి తెప్పిస్తే రవాణా ఖర్చు, 19 శాతం దిగుమతి వ్యాట్ ఎలాగూ పడతాయి. పైగా అక్కడి మోడల్ 100 వోల్టులది, మీ ఇంట్లో వచ్చేది 230. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ పెడితే లోపలి పవర్ సప్లై కాలిపోవచ్చు. యూరప్‌లో కొన్నా సరే, వెనకున్న లేబుల్‌పై వోల్టేజీ చూశాకే స్విచ్ వేయండి.

‘రిపేరు చేశాకే వాడాలి’ అని స్పష్టంగా రాసి అమ్మే వస్తువులు ఈ చట్టం పరిధిలోకి రావు. బాగా పనిచేసే సింథ్‌కి కూడా ఆ ముద్ర వేసి పంపిస్తామంటే ఒప్పుకోకండి. రేపు గొడవొస్తే మీ చేతిలో ఆధారమేమీ ఉండదు.

ఇక 106లో అసలు జబ్బు వాయిస్ చిప్‌లది. నల్లటి రెజిన్‌లో ముంచిన 80017ఏ చిప్‌లు ఆరు ఉంటాయి, ఒకేసారి మోగగల ఆరు స్వరాల్లో (వాయిస్‌ల్లో) ఒక్కోదానికి ఒకటి. ఏళ్లు గడిచేకొద్దీ అవి చిటపటమనడమో, పూర్తిగా మూగబోవడమో మామూలే. ‘కీ ట్రాన్స్‌పోజ్’ నొక్కి పట్టి ఆన్ చేస్తే టెస్ట్ మోడ్ వస్తుంది, ఏ వాయిస్ మోగుతోందో డిస్‌ప్లేలో అంకె కనిపిస్తుంది. నొక్కిన ప్రతిసారీ తర్వాతి వాయిస్ మోగుతుంది కాబట్టి, ఒకే కీని ఆరుసార్లు నొక్కుతూ వీడియో తీసి పంపమనండి. పంపనంటే ఆ బేరం వదిలేయండి.